హద్దురాయి కోసం అవ్వ ప్రార్థన

సర్వేయరు ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు నన్ను కలిసినప్పుడు, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన కేసు ఏది సార్ అని అడుగుతుంటారు. పెద్ద భూముల తగాదాలు, కోర్టు కమిషన్లు, గొడ్డళ్లు పట్టుకుని గట్టు మీదకొచ్చిన అన్నదమ్ముల కథలు చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ ఉన్నాయి. కానీ నేను చెప్పేది మాత్రం పన్నెండు గుంటల కేసు. ఎకరంలో మూడో వంతు కూడా లేని జాగా. దాని కోసం ఒక అవ్వ దాదాపు రెండేళ్లు నా వెంటపడింది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, ఒక్క మాట అనలేదు. నా కోసం ప్రార్థన చేసింది, అంతే. సర్వీసులో నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లెవరికీ నేను అంత భయపడలేదు.

అప్పుడు నేను చౌటుప్పల్ నుంచి నార్కట్‌పల్లి పోయే పెద్దరోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక మండలంలో సర్వేయర్ని. తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. ఊరూరా భూమి రికార్డులు సరిచేసి రైతులకు కొత్త పాస్‌బుక్కులు ఇవ్వాలని పైనుంచి ఆదేశం. పని కొండంత, ఇచ్చిన గడువు మాత్రం పండుగ సెలవులంత. పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఇంకో ఊరు. మండలం మొత్తానికీ సర్వేయరు నేనొక్కణ్ణే.

ఆ మండలంలో ఒక ఊరి చివర ఇరవై దాకా క్రైస్తవుల ఇండ్లున్నాయి. వాళ్లకు రేకుల కప్పుతో చిన్న ప్రార్థన మందిరం, దాని వెనక కొద్ది దూరంలో సమాధుల తోట ఉన్నాయి. ఆ తోటే ఈ పన్నెండు గుంటలు. తోటకు ఆనుకుని ఒక రైతు పొలం ఉంది. రెండింటికీ మధ్య హద్దు తేల్చడం నా పని. దాని కోసం ఊరికి పోవాలి, పాత హద్దురాయి వెతకాలి, అక్కడి నుంచి కొలవాలి.

నేను పోలేదు.

ఇది ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను గానీ, అప్పట్లో నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. మా మేనకోడలి పెళ్లికి చీరలు మగ్గం దగ్గరే కొనాలని నా భార్య పట్టు పట్టింది. ఇద్దరం తెల్లారకముందే బయలుదేరి నారాయణపేట పోయాం. ఊళ్లో నేను ఎండలో కొలత గొలుసు లాగుతూ ఉండాల్సిన సమయానికి, ఒక నేతగాని ఇంట్లో చాప మీద కూర్చుని, ఎరుపు చీరకు పచ్చ అంచు బాగుంటుందా పసుపు అంచు బాగుంటుందా అని తీవ్రంగా ఆలోచిస్తున్నాను. మరుసటి రోజు ఆఫీసులో పాత నక్షా ముందు పెట్టుకుని, స్కేలుతో ఒక గీత గీసి, కింద ఇలా రాశాను: ‘క్షేత్రమునకు వెళ్లి విచారించగా హద్దురాయి లభ్యము కానందున పరిసరములను బట్టి కొలతలు వేయడమైనది.’ భాష చూడండి ఎంత నిజాయితీగా ఉందో.

ఆ గీతతో సమాధుల తోట మొత్తం పక్క రైతు పాస్‌బుక్కులోకి పోయింది.

కొన్ని నెలల వరకు ఎవరికీ తెలియలేదు. రోడ్డు పక్క భూములకు రేట్లు పెరిగి, ప్లాట్లు చేసి అమ్మేవాళ్లు ఆ రైతు పొలం చూడటానికి వచ్చినప్పుడు బయటపడింది. వాళ్లు పాస్‌బుక్కు చూసి, సమాధులు కూడా మీవేనా, జేసీబీతో చదును చేసుకుంటే సరిపోతుంది గదా అన్నారట. ఆ మాట క్రైస్తవుల వాడలో పడింది. మరుసటి సోమవారం అర్జీలు తీసుకునే రోజు. ఆఫీసు తలుపు తీసేసరికి వరండా బల్ల మీద ఆ అవ్వ కూర్చుని ఉంది.

డెబ్బై దాటిన మనిషి. తెల్ల చీర, చేతిలో గుడ్డ సంచి, సంచిలో నీళ్ల సీసా, బైబిలు. కూలి చేసి బతికింది. భర్త పోయి చాలా ఏళ్లయింది, ఆ తోటలోనే ఉన్నాడు. లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

"సారూ, మా ఆయన పక్కన నాకు ఆరడుగుల జాగ ఉండె. గిప్పుడు అది వేరేటోళ్ల పేరు మీదికి పోయిందంటున్నరు. జర సూడు బిడ్డా."

నేను రికార్డు తిరగేసినట్టు నటించి, హద్దురాయి దొరకలేదు అవ్వా, రాయి లేనిదే నేనేం చెయ్యలేను అన్నాను.

"రాయి దొరికితే అయితదా?"

"అయితది."

"అట్లనే సారూ. అడుగుత."

ఎవరిని అడుగుతావు అని నేను అడిగేలోపే ఆమె అక్కడే కళ్లు మూసుకుంది. "ప్రభువా, గీ సారు మంచోడు. పని మస్తుగుంది ఆయనకు. ఆయనకు రాయి సూపియ్యి. ఆమెన్." కళ్లు తెరిచి, పోయొస్తా సారూ అని వెళ్లిపోయింది. అటెండరు నన్నూ తలుపునూ మార్చి మార్చి చూశాడు.

తర్వాతి సోమవారం మళ్లీ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. వానొచ్చినా, బస్సు రాకపోయినా వచ్చింది. అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర లోపలికి వచ్చేది. ముందొచ్చినవ్ కద, ముందే పో అని అటెండరు అంటే వినేది కాదు.

"పెద్దోళ్ల పనులన్నీ అయినంక సారుకు జర టైం మిగుల్తది గద, అది నాకిస్తే చాలు" అనేది.

ఆ మిగిలిన టైం కూడా లేకుండా చేయడానికి నేను నా తెలివంతా వాడాను. ఒక సోమవారం ఆమె గేటు దగ్గర కనబడగానే, నేను లేనని చెప్పు అని అటెండరుకు చెప్పి రికార్డు గదిలో దూరి తలుపు దగ్గరకు వేసుకున్నాను. నిజాం కాలం నుంచి ఎవరూ దులపని కట్టల మధ్య నిలబడ్డాను. బయట అటెండరు చెబుతున్నాడు: "సారు లేడు అవ్వా. ఫీల్డుకు పోయిండు."

"పోనీ బిడ్డా, జరసేపు కూసుంట."

దుమ్ము ముక్కులోకి పోయింది. ఆపుకున్నాను. ఆపుకున్న కొద్దీ పెరిగింది. చివరికి ఒకటి కాదు, మూడు తుమ్ములు, ఆఫీసు మొత్తం వినబడేలా. తర్వాత అవ్వ గొంతు, ఏ మాత్రం ఎగతాళి లేకుండా వినబడింది.

"ప్రభువా, ఈడ లేని సారుకు పడిశం వట్టింది. దాన్ని తగ్గియ్యి. ఆమెన్."

అటెండరు నవ్వాపుకోలేక టీ తెస్తానని చెప్పి రోడ్డు మీదకు పరుగెత్తాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో నా పేరు ‘ఈడ లేని సారు’.

నేను వేరే దారి పట్టాను. బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాను. తెలిసినవాళ్ల ద్వారా చెప్పించాను, దాదాపు ఖాయమైంది. ఈ సంగతి అటెండరు అవ్వ చెవిన వేశాడు. ఆమె కంగారుపడింది. కొత్త సారు వస్తే ఆయనకు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, ఈ సారుకైతే సంగతంతా తెలుసు, అందుకని ఈ సారును ఇక్కడే ఉంచు ప్రభువా అని వరండాలో ప్రార్థించిందట. పది రోజులకు జిల్లాలో బదిలీలన్నీ నిలిపివేస్తూ ఉత్తరువు వచ్చింది. ఉత్తరువుకు వేరే కారణాలు ఉంటాయని నాకూ తెలుసు. అయినా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను.

ఇట్లా దాదాపు రెండేళ్లు గడిచాయి. ఆ రైతు చెడ్డవాడు కాదు కాబట్టి జేసీబీ రాలేదు. ఒకసారి అతన్నే పిలిచి, ఆ జాగ వదిలేస్తానని రాసివ్వరాదా అన్నాను. అతనికి కోపం వచ్చింది.

"నేనేమన్న అడిగిన్నా సారూ? మీరే రాసిచ్చిండ్రు. గిప్పుడు ఇడిసిపెడ్తే మా అన్నదమ్ములు ఊకుంటరా? నాకు సమాధుల జాగ ఎందుకు? ఆ ముసలామె పొద్దుగాల నాకు కూడ పార్థన జేస్తున్నదట. బుక్కు సూస్తేనే భయమైతున్నది నాకు."

నాకు కాస్త ఊరట కలిగింది. భయపడేవాణ్ణి నేనొక్కణ్ణే కాదు.

అంతలో కొత్త తహసీల్దారు వచ్చింది. నా కూతురంత వయసు. మొదటి సోమవారం అర్జీలన్నీ వరండాలోనే, బల్ల పక్కన నిలబడి తీసుకుంది. చివరి అర్జీ అవ్వది. చదివి, ఇది ఎన్నోసారి ఇవ్వడం అని అడిగింది.

"లెక్క వెట్టలే తల్లీ. సోమవారమైతే వస్త."

మేడమ్ నా వైపు తిరిగి, శుక్రవారం మనమంతా స్థలం మీదకు పోతున్నాం, రైతును పిలవండి, గొలుసు తెచ్చుకోండి అంది.

ఆ మూడు రోజులు నేను అన్నం సరిగా తినలేదు. అక్కడికి పోయి రాయి దొరికితే, మొదటిసారి ఎందుకు దొరకలేదని అడుగుతారు. దొరకకపోతే బతికిపోతాను, కేసు జిల్లా ఆఫీసుకు పంపించి ఇంకో ఏడాది గడపొచ్చు. నేను గుడికి పెద్దగా పోయేవాణ్ణి కాదు. శుక్రవారం పొద్దున మాత్రం మా ఇంటి దేవుడి పటాల ముందు నిలబడి, ఆ రాయి దొరకకుండా చూడమని దండం పెట్టుకున్నాను. అదే సమయానికి అవ్వ ఆ వాడలో కూర్చుని దొరకాలని అడుగుతూ ఉండి ఉంటుంది. ఒకే రాయికి రెండు అర్జీలు.

ఎండ మాడిపోతోంది. మేడమ్, రైతు, వాడలోని ఆడవాళ్లు, వాళ్ల పాస్టరు, అందరం తోట చుట్టూ తిరిగాం. నేను ముండ్ల కంపలు తొలగించి మరీ శ్రద్ధగా వెతికాను. రాయి లేదని నిరూపించడానికి అంత కష్టపడిన సర్వేయరు ఇంకొకడు ఉండడు. గంటన్నర తర్వాత, లేదు మేడమ్ అన్నాను. మనసులో పెద్ద బరువు దిగింది. దాహమేసి ప్రార్థన మందిరంలోకి పోయాను. అక్కడ కుండలో నీళ్లు ఉన్నాయి.

గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని చూస్తే, పాస్టరు నిలబడి మాట్లాడే చోటికి వెనక, గోడలో, రొమ్మెత్తున ఒక రాయి కనిపించింది. సున్నం వేశారు. మధ్యలో ఉలితో చెక్కిన నిలువు గీత, అడ్డగీత. ఆ గీతలకు ఎర్ర రంగు పూశారు. చుట్టూ కాగితం పూల దండ. వాడ మొత్తానికీ అది సిలువ. నాకు మాత్రం వేల సార్లు చూసిన గుర్తు. హద్దురాయి మీద సరిగ్గా ఎక్కడి నుంచి కొలవాలో తెలియడానికి మా శాఖవాళ్లు చెక్కే గుర్తు.

నిజం చెబుతున్నాను, నాకు పట్టలేని సంతోషం కలిగింది. రాయి వీళ్ల గోడలోనే ఉంది. ఇక తప్పు నాది కాదు. బయటకు పోయి అందర్నీ లోపలికి పిలిచి, "ఇదే మేడమ్ హద్దురాయి. వీళ్లే తీసుకొచ్చి గోడలో పెట్టుకున్నారు. నాకెట్లా దొరుకుతుంది?" అన్నాను.

అవ్వ గోడ దగ్గరకు పోయి రాయిని చేత్తో తడిమింది.

"మా ఆయనే తెచ్చిండు తల్లీ. మందిరం కట్టేటప్పుడు ముండ్ల కంపల దొరికింది. సిలువ గుర్తు సూసి, దేవుడే పంపిండని నలుగుర్ని పిలిసి మోసుకొచ్చిండు. సర్కారుదని మాకు తెల్వదు."

"హద్దురాయి తీస్తే కేసవుతుంది అవ్వా" అంది మేడమ్, మెల్లగానే.

"కానియ్యి తల్లీ. తీసింది నిజమే గద."

తర్వాత ఆమె నేల మీద మోకరించింది. ఆ వయసులో మోకాళ్లు మడవడానికే చాలాసేపు పట్టింది. రాయి వైపు కాదు, తలవంచి నేల వైపు చూస్తూ మాట్లాడింది.

"ప్రభువా, రెండేండ్ల సంది ఈడ్నే కూసోని రాయి సూపియ్యమని అడిగిన. నువ్వు నా ముంగటనే వెట్టినవు. నేను కండ్లు మూసుకోని అడుగుతి, ఎట్ల కనవడ్తది? నీ తప్పేం లేదు. ఈ సారును మస్తు సతాయించిన. మొదలు కొలువనీకి వచ్చిన దినం పాపం గీ రాయి కోసం ఎండల ఎంత తిరిగిండో, ఆయన కాళ్లు ఎంత కాలినయో. మా గోడల వెట్టుకున్నంక ఆయనకేడ దొరుకుతది? ఆ పాపం మాది. ఆయన మీదికి మాట రాకుండ జూడు. ఆయన కాళ్లకు సల్లదనమియ్యి."

నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. ఆ దినం ఆ కాళ్లు నారాయణపేటలో చాప మీద ఉన్నాయి. నేను నోరు మూసుకుంటే చాలు, ఆ క్షణంలో అంతా నాకు అనుకూలంగా ఉంది. రాయి దొరికింది, తప్పు చేసినవాళ్లు ఒప్పుకున్నారు, పైగా దేవుడి దగ్గర నాకు సిఫారసు కూడా పడింది. అదే భరించలేకపోయాను. తిట్టి ఉంటే భరించేవాణ్ణి.

"అవ్వా, ఆపు" అన్నాను. "నేను ఆ దినం ఈడికి రాలేదు."

ఆమె తలెత్తింది. మేడమ్ కూడా నా వైపు తిరిగింది.

"రాలేదంటే?"

"రాలేదు మేడమ్. ఆఫీసులో కూర్చుని గీత గీసిన. రాయి లేకున్నా ఆ పక్క పొలాల హద్దుల ఇంకో రెండు రాళ్లున్నయి, వాటి నుంచి కొలిస్తే హద్దు తేలేది. నేను వస్తే గదా."

"మరి ఆ రోజు ఎక్కడున్నారు?"

అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. "నారాయణపేటల మేడమ్. చీరలు కొంటున్న."

మొదట నవ్వింది రైతు. నవ్వి, నాలుక కరుచుకున్నాడు. అవ్వ మాత్రం నవ్వలేదు. నేల మీద నుంచే నన్ను చూసి, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది:

"మంచి చీర దొరికిందా సారూ?"

దొరికింది అవ్వా అన్నాను. పాస్టరు ఆమెను లేపడానికి చెయ్యి అందించాడు. రెండో చెయ్యి నేనందించాను.

ఆ మధ్యాహ్నమే ఆ పక్క రాళ్ల నుంచి కొలిచాను. గొలుసు ఒక కొస రైతు పట్టుకున్నాడు. సమాధుల తోట సమాధుల తోటగానే తేలింది. రైతు పంచనామా మీద అందరికంటే ముందు సంతకం పెట్టి, ఇగ రాత్రి పండుకుంట అన్నాడు. గోడలో రాయి అట్లాగే ఉండనీ, నేను కొత్త రాయి పాతిస్తానని చెప్పాను. అవ్వ ఒప్పుకోలేదు. సర్కారు సొమ్ము సర్కారుకు ఇచ్చేయాలంది. వాడవాళ్లు ముఖాలు చిన్నబుచ్చుకుంటే, దేవుడేమన్న రాయిల కూసున్నడా అని కసిరింది. వాళ్లే తవ్వి, మోసుకెళ్లి, నేను చూపిన చోట పాతారు. రాయి తీసినందుకు మేడమ్ కేసు రాయలేదు. నా మీద రాసింది. అది న్యాయమే.

మెమో వచ్చింది. సంజాయిషీ ఇమ్మన్నారు. నా సర్వీసులో అలాంటివి చాలా రాశాను. అన్నిటిలోనూ ‘పొరపాటు జరిగినది’ అనే ఉంటుంది. ఎవరు చేశారో తెలియకుండా అదంతట అదే జరిగినట్టు. ఈసారి ‘నేను వెళ్లలేదు, వెళ్లినట్టు రాశాను’ అని రాశాను. సీనియర్ అసిస్టెంటు చదివి, ఇట్ల ఎవరన్న రాస్తరా అని బెంగపడ్డాడు. సస్పెన్షన్ తప్పదన్నారు.

తర్వాతి సోమవారం ఆఫీసు తెరిచేసరికి బల్ల మీద అవ్వ ఉంది. చూసిన అందరికీ గుండె ఆగినంత పనైంది. మేడమ్ పిలిచి అడిగింది.

"నీ పని అయిపోయింది గదా అవ్వా?"

"నాదైంది తల్లీ. సారుది కాలే."

అర్జీ తీసి ఇచ్చింది. సర్వేయరు సారు అబద్ధం రాసినా తర్వాత నిజం చెప్పినాడు, కాబట్టి ఆయన ఉద్యోగం తీయవద్దు అని అందులో ఉంది. పై అధికారులకు పంపుతానని మేడమ్ తీసుకుంది. రెండో సోమవారం మళ్లీ వచ్చింది. మూడో సోమవారం మేడమే వెనక గుమ్మం నుంచి పోయిందని అటెండరు చెప్పాడు. చివరికి సస్పెన్షన్ లేకుండా ఒక ఇంక్రిమెంటు కోతతో వదిలేశారు. అది ఆమె అర్జీల వల్లో, మేడమ్ మంచితనం వల్లో, ఇంకే కారణం వల్లో నేను తేల్చలేను. రాళ్లు, గొలుసుల సంగతైతే చెప్పగలను. నేను రిటైరయ్యేనాటికి అవ్వ బాగానే ఉంది. అంత పట్టుబట్టి సాధించుకున్న ఆరడుగుల జాగాకు పోవడానికి ఆమెకు ఏ తొందరా లేదు.

నాలుగో సోమవారం నాటి సంగతి ఒకటి మిగిలింది. ఇంకా ఉత్తరువు రాలేదు. ఇక రావద్దని చెప్పాలని నేనే వరండాలోకి పోయాను. నా కోసం ఇంత దూరం రావడం నాకు సిగ్గుగా ఉంది అవ్వా, మానెయ్యి అన్నాను.

"సిగ్గెందుకు సారూ. అడిగేటోళ్లకు సిగ్గేంది. కూసో."

పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. చేతిలో కాగితాలతో ఇంకో ఏడెనిమిది మంది ఉన్నారు. ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు, లేదా గుర్తుపట్టనట్టు ఉన్నారు. అవ్వ కళ్లు మూసుకుంది. నేను కిటికీలోంచి లోపలికి చూశాను. అక్కడ నా కుర్చీ ఉంది, తిరుగుతున్న ఫ్యాను ఉంది. ఆ గాలి ఈ బల్ల దాకా రాదని అన్నేళ్ల సర్వీసులో నాకు అప్పుడే తెలిసింది. పది నిమిషాలకే చొక్కా తడిసిపోయింది. లేచి లోపలికి పోవచ్చు. అయినా నా వంతు ఇంకా రాలేదు కాబట్టి అక్కడే కూర్చున్నాను.